రీడ్ వాల్వు – టూస్ట్రోకు ఇంజనునకు నిదానపు బలము

బలమును వేగమును ఒకటిగా తలచుట లోకమున సామాన్యము. ఆ రెంటికిని గల భేదము యంత్రశాస్త్రమున మొదటి పాఠము. బరువు నెత్తికెత్తుకొని మేడమెట్లెక్కు కూలివాడు పరుగెత్తడు; కాని వాని అడుగునకు పట్టు ఉండును. కామాఠీపురము పేరే అట్టి శ్రమజీవుల పేరు. పదునెనిమిదవ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట సముద్రపు నీటిని ఆపిన పిమ్మట ఈ పల్లపునేలలు నివాసమునకు తగినవి కాగా, నిజాము రాజ్యమందలి తెలుగుసీమలనుండి వచ్చిన కామాఠీలు ఇచట స్థిరపడి, ముంబయి నగర నిర్మాణమున రాళ్లెత్తిరి. ఆర్. ఎస్. నిమ్కర్ మార్గమని నేడు పిలువబడు ఫోరస్ రోడ్డునకు పాతపేరు ఆ నేలలనుండియే వచ్చినది. పోర్చుగీసువారినాటి శిస్తు పేర అవి ఫోరస్ నేలలు అనబడినవి.

ఆ వీధులలో పాత టూస్ట్రోకు మోటారు సైకిళ్లు ఇప్పటికిని కనబడును. వాని మరమ్మతు చేయు అన్నల పక్కన నిలిచి చూచు విద్యార్థులు మనలో కొందరు కలరు. "రీడ్ మార్చితే బండి కిందినుంచే లాగుతుంది" అను మాట వారు వినియే యుందురు. ఆ మాటలో నిజమెంత? రీడ్ అనగా నేమి? దానిని మార్చినచో ఏమి లభించును, ఏమి పోవును? ఈ పాఠమున విచారింతము.

1. నిదానపు బలము ఎవరికి కావలెను?

ట్రయల్సు అను మోటారు సైకిలు పోటీ యొకటి కలదు. అందు వేగమునకు బహుమానము లేదు. బండరాళ్లు, వాగులు, బురదగట్లు గల చిన్నచిన్న ఘట్టములను కాలు నేల మోపకుండ దాటవలెను. ఒకసారి కాలు మోపిన ఒక తప్పుగుర్తు, రెండుసార్లకు రెండు, మూడుసార్లు గాని అంతకు మించి గాని మోపిన మూడు, ఘట్టము దాటలేకపోయిన అయిదు. తప్పుగుర్తులు తక్కువగా గలవాడు గెలుచును. నడకకంటె నెమ్మదిగా పోవుచు, అకస్మాత్తుగా ఒక బండ నెక్కవలసివచ్చినప్పుడు ఇంజను ఆగిపోకుండ తక్షణమే లాగవలెను.

ఈ పోటీలలో 1909లో ప్రారంభమైన స్కాట్లండు ఆరుదినముల ట్రయలు ప్రసిద్ధమైనది. 1965లో సామీ మిల్లరు స్పెయిను దేశపు బుల్టాకో టూస్ట్రోకు బండిపై దానిని గెలిచెను. తేలికయైన టూస్ట్రోకు ఈ పనికి తగినదని లోకమునకు అప్పుడు తెలిసినది. 1974, 1975 సంవత్సరములలో మిక్ ఆండ్రూసు యమహా బండిపై అదే పోటీని గెలిచెను. ఆ కాలముననే యమహావారు టీవై 250 అను ట్రయల్సు బండిని రీడ్ వాల్వుతో అమ్మిరి. ప్రపంచ ట్రయల్సు పోటీలు 1975లో మొదలైనవి.

మన నగరమున బండరాళ్లెక్కు పోటీలు అరుదు. కాని కిక్కిరిసిన వీధిలో, చేతిబండ్ల నడుమ, వెనుక సరుకుమూట కట్టుకొని నడకవేగముతో పోవువానికి కావలసినదియు ఆ నిదానపు బలమే.

2. టూస్ట్రోకు ఇంజను శ్వాస

ఈ ఇంజనునందు పిస్టను రెండు పనులు ఒక్కసారిగ చేయును. పైన సిలిండరులో మిశ్రమమును నొక్కి మండించుట ఒకటి; క్రింద క్రాంకుకేసు అను మూసిన గదిలో గాలిని పీల్చి నెట్టుట రెండవది. పిస్టను పైకి పోవునప్పుడు క్రాంకుకేసులో పీడనము తగ్గును. కార్బురేటరునుండి పెట్రోలు కలిసిన గాలి లోనికి వచ్చును. పిస్టను క్రిందికి దిగునప్పుడు ఆ గాలి నొక్కబడి, పక్కదారులగుండ పైనున్న సిలిండరులోనికి పోవును. కనుక క్రాంకుకేసు ఒక కొలిమితిత్తి వంటిది.

కొలిమితిత్తిని శ్రద్ధగా చూచితిరా? దాని అడుగున ఒక రంధ్రము, ఆ రంధ్రమునకు లోపల తోలుముక్క యుండును. తిత్తిని లాగినప్పుడు తోలు లేచి గాలిని లోనికి రానిచ్చును. నొక్కినప్పుడు రంధ్రమును మూసి, గాలి వచ్చినదారిని పోకుండ ఆపును. ఆ తోలుముక్క లేనిచో నొక్కిన గాలిలో కొంత వెనుకకే పోవును, కొలిమి రగులదు. ఒకవైపునకే దారి యిచ్చు ఇట్టి తలుపునకు కవాటమని పేరు. ముంబయి వాననీటి కాలువలు కడలిలో కలియు కొన్నిచోట్ల ఆటువేళ తెరచి పోటువేళ మూయు తలుపులును ఇట్టివే.

1891లో ఇంగ్లండునందలి బాత్ పట్టణవాసి జోసెఫ్ డే పేటెంటు పొందిన టూస్ట్రోకు ఇంజనునకు క్రాంకుకేసు దారిలో ఇట్టి కవాటముండెను. అనంతరము ఆయన కార్ఖానాలోని ఫ్రెడరిక్ కాక్ అను పనివాడు ఒక చిత్రమైన ఉపాయము పన్నెను. సిలిండరు గోడలోనే రంధ్రము చేసి, పిస్టను అంచుతోనే దానిని తెరచి మూయించెను. కవాటమే అవసరము లేకపోయినది. ఇంజను సులభమైనది, చవుక అయినది. దీనిని పిస్టన్‌పోర్టు పద్ధతి అందురు. 1960లో మైసూరున నెలకొన్న ఐడియల్ జావా వారి బండ్లును, రాజ్‌దూత్ 175ను ఈ పద్ధతివే. బజాజ్ చేతక్ వంటి స్కూటర్లలో క్రాంకుచక్రపు అంచే తలుపుగా పనిచేయును.

3. పిస్టన్‌పోర్టులో లోపమేమి?

పిస్టను పైకి పోవుచు ఒకచోట రంధ్రమును తెరచిన, క్రిందికి దిగుచు సరిగా అచటనే మూయవలెను. అది పైకొసకు 75 డిగ్రీల ముందు తెరచుకొన్నదనుకొందము. కొస దాటిన పిదప 75 డిగ్రీల వరకు అది తెరచియే యుండును. ఈ రెండవ సగమున పిస్టను గాలిని నొక్కుచుండగా తలుపు తెరచియున్నదన్నమాట!

ఇంజను నిమిషమునకు 7500 సార్లు తిరుగునప్పుడు ఒక చుట్టునకు సెకండులో వేయవవంతులు 8 పట్టును. 75 డిగ్రీలకు పట్టునది 1.67 మాత్రమే. వడిగా వచ్చుచున్న గాలికి తన జడత్వముండును గనుక, ఆ కొద్దికాలమున అది వెనుదిరుగదు. ఇంకను లోనికే దూరును. నిమిషమునకు 3000 చుట్లు మాత్రమే తిరుగునప్పుడు ఆ 75 డిగ్రీలకే 4.17 పట్టును. గాలివడి తక్కువ, కాలము ఎక్కువ. పీల్చిన మిశ్రమములో కొంత కార్బురేటరులోనికే తిరిగి తుమ్మబడును. తిరిగి వచ్చిన గాలి మరల పెట్రోలును గ్రహించును; మిశ్రమము చిక్కబడును; ఇంజను ఉక్కిరిబిక్కిరియై లాగుట మానును.

రంధ్రమును చిన్నదిగ చేసిన నిదానమున బాగుండును గాని వేగమున ఊపిరి చాలదు. పెద్దదిగ చేసిన వేగమున బాగుండును గాని నిదానమున బలము పోవును. ఒక కొలత రెండు పనులకు సరిపడదు.

4. రీడ్ వాల్వు

ఈ చిక్కునకు విరుగుడు మరల కొలిమితిత్తి తోలుముక్కయే. కార్బురేటరునకును ఇంజనునకును నడుమ ఇంటికప్పు ఆకారమున లోహపు చట్ర మొకటి నిలుపుదురు. దాని ఏటవాలు పక్కలందు కిటికీలుండును. ప్రతి కిటికీపైని పలుచని రేకు ఒకటి, ఒక కొసన మరలతో బిగింపబడి, రెండవ కొస వదులుగ నుండును. ఈ రేకే రీడ్. క్రాంకుకేసులో పీడనము తగ్గగానే అది వంగి తెరచుకొనును. పీడనము పెరుగగానే తన బిగువుచే తిరిగివచ్చి మూసికొనును. ఎప్పుడు తెరవవలెనో దానికి ఎవరును చెప్పనక్కరలేదు, గాలియే చెప్పును. నిదానమున ముందుగ మూసికొనును, వేగమున ఆలస్యముగ మూసికొనును. రేకు మితిమీరి వంగకుండ పైన వంపుగల అడ్డుపలక యుండును.

బట్టమిల్లులలో పనిచేసిన పెద్దలకు రీడ్ అనగానే మగ్గమున పోగులను వరుస తీర్చు దువ్వెనవంటి సాధనము స్ఫురించును. ఇది అది కాదు. భజనలలో వాయించు హార్మోనియమును తలచుకొనుడు. దాని లోపల ఇత్తడి నాలుకలుండును. గాలి సోకగా అవి కంపించి స్వరమిచ్చును. ఆకారమున ఇంజను రీడ్ ఆ నాలుకవంటిదే. కాని పనిలో భేదమున్నది. హార్మోనియము నాలుక కంపించుటకే పుట్టినది; ఇంజను రీడ్ తనంత తాను కంపించిన చెడును. పనిలో దానికి నిజమైన సోదరుడు హార్మోనియపు తిత్తిలో గాలిని ఒకవైపునకే పోనిచ్చు తోలుతలుపు.

యమహావారు 1972లో టార్క్ ఇండక్షన్ అను పేర ఈ కవాటమును తమ మోటారు సైకిళ్లలో ప్రవేశపెట్టిరి. టార్క్ అనగా తిప్పుడుబలము. మన దేశమున 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 ఈ జాతిదే. 1985లో వచ్చి 1996 వరకు తయారైన యమహా ఆరెక్స్ 100 మన వీధులకు మిక్కిలి పరిచితమైనది.

5. లెక్కలో బలము

సామర్థ్యము = తిప్పుడుబలము × తిరుగుడువేగము. ఆరెక్స్ 100 నిమిషమునకు 7500 చుట్లవద్ద 11 అశ్వసామర్థ్యమిచ్చునని తయారీవారు చెప్పిరి. అది సుమారు 8200 వాట్లు. ఆ తిరుగుడువేగము సెకండునకు 785 రేడియనులు. భాగింపగా తిప్పుడుబలము సుమారు 10.4 న్యూటన్‌మీటరులు.

ఇపుడు ఒక ఊహాలెక్క చేయుదము. 3000 చుట్లవద్ద, అనగా సెకండునకు 314 రేడియనులవద్ద, ఏదో ఒక ఇంజను 6 న్యూటన్‌మీటరులు ఇచ్చుచున్నదనుకొనుడు. సామర్థ్యము 1884 వాట్లు. వెనుకకు తుమ్ముట మాని 7 న్యూటన్‌మీటరులైన 2198 వాట్లగును. పెరిగిన 314 వాట్లు పైవేగమున లెక్కకు రావు; కాని ఏటవాలున బరువుతో కదలువేళ అవియే బండిని ఆగనీయవు. రీడ్ కొత్తబలమును సృష్టింపదని గుర్తింపవలెను. వ్యర్థముగ పోవుచున్నదానిని పోనీయదు, అంతియే.

6. మార్పు చేయు విధములు

మొదటిది: రేకు మందము. ఒక కొస బిగించిన రేకు బిగువు దాని మందపు ఘనమును అనుసరించును. 0.40 మిల్లీమీటరుల రేకునకు బదులు అదే పదార్థముతో, అదే పొడవున 0.32 మిల్లీమీటరుల రేకు పెట్టిన మందము 0.8 రెట్లు, బిగువు 0.8 × 0.8 × 0.8 = 0.512 రెట్లు. అనగా ఇంచుమించు సగము. కొద్దిపాటి పీల్పునకే రేకు తెరచుకొనును. నిదానమున ఇంజను సులభముగ ఊపిరితీయును.

దీనికి చెల్లింపవలసిన వెల కలదు. రేకు సహజకంపనసంఖ్య మందమునుబట్టి మారును గనుక అదియు 0.8 రెట్లగును. 3000 చుట్లవద్ద రేకు సెకండునకు 50 మారులు తెరచి మూయవలెను. 7500 చుట్లవద్ద 125 మారులు. మెత్తని రేకు ఆ వేగమును అందుకొనలేక అదరును, చట్రమునకు తాకి ఎగురును, సరిగా మూతపడదు, తుదకు విరుగును. కనుక పలుచని రేకు నిదానపు పనికి, మందపురేకు పందెపు వేగమునకు తగినవి.

రెండవది: రెండంతస్తుల రేకు. అమెరికాలో ఐవిండ్ బోయిసెన్ ప్రచారమునకు తెచ్చిన పద్ధతి ఇది. కిటికీ కోసిన మందపురేకుపైని పలుచనిరేకు ఒకటి అమర్తురు. నిదానమున పలుచనిది మాత్రము లేచును. వేగమున రెండును లేచును. ఒకే కవాటము రెండు స్వభావములు చూపును.

మూడవది: పదార్థము. ఉక్కురేకు మన్నికగలది, కాని విరిగినచో ముక్క ఇంజనులోనికి పోయి పిస్టనును, సిలిండరును గీయును. గాజునారరేకు అంత హాని చేయదు. కాని కాలక్రమమున అంచులు చీలును. కర్బననారరేకు తేలిక, బిగువు, వెల యెక్కువ.

నాలుగవది: గాలిదారి పొడవు. కవాటమునకును కార్బురేటరునకును నడుమ దిమ్మె చేర్చిన గాలిస్తంభము పొడవగును. దాని లయ నెమ్మదించి తక్కువచుట్లవద్ద మేలుచేయును. పొడవైన పిల్లనగ్రోవి మందరస్వరము పలుకుటయు ఇట్టి కారణముననే.

అడ్డుపలకను వంచి రేకును ఎక్కువగ లేవనిచ్చుట కొందరి అలవాటు. నిదానపు బలమునకు దానివలన లాభము లేదు. రేకు మొదట విరుగుట మాత్రము ఖాయము.

ఇక నిష్పక్షపాతముగ ఒక మాట. ముందు పళ్లచక్రమును 14 పండ్లనుండి 13కు తగ్గించిన, వెనుకచక్రమున తోపు 14/13 రెట్లు, అనగా సుమారు నూటికి ఏడున్నర పెరుగును. పైవేగము అంతమేర తగ్గును. ఇంజనును విప్పకనే లభించు ఈ మేలు, పలుమారులు రీడ్ మార్పుకంటె నమ్మదగినది. ట్రయల్సు బండ్లలో చిన్న గేర్లును బరువైన ఫ్లైవీలును ఉండుటకు కారణమిదియే. ఒక్క రీడ్ వలననే సర్వము సిద్ధించునని తలపరాదు.

7. మార్పునకు ముందు పరీక్ష

రోగమెరుగక మందీయరాదు. నిదానమున ఇంజను లాగకుండుటకు కారణములనేకములు: కార్బురేటరులోని చిన్నజెట్టు పూడుకొనుట, క్రాంకు సీలులు అరిగి గాలి చొరబడుట, పిస్టను రింగులు అరుగుట, సైలెన్సరులో మసి పేరుకొనుట. ఇవి చూడక రీడ్ మార్చిన డబ్బు వృథా.

పిదప ఉన్న రీడ్‌నే పరీక్షింపవలెను. చట్రమును విప్పి, శుభ్రపరచి, వెలుతురునకు ఎదురుగ పట్టుకొనవలెను. మూసియున్న రేకుల అంచులనుండి వెలుతురు ధారాళముగ కనబడిన కవాటము కారుచున్నది. రేకు మూలలందు చీలికలున్నవా, చట్రపు రబ్బరు ఊడినదా, మరలు వదులైనవా చూడవలెను. రేకున ఒక మూల కత్తిరించియున్నచో అది దిక్కుతెలుపు గుర్తు. చట్రముపై గుర్తుతో కలిపి బిగింపవలెను. మరలకు పట్టుజిగురు పూయుట మరువరాదు. ఊడిన మర ఇంజనులోనికే పోవును.

ఒకసారి ఒక మార్పు మాత్రమే చేయవలెను. అదే ఏటవాలు, అదే గేరు, అదే బరువుతో ముందును తరువాతను చూచి పుస్తకమున వ్రాసికొనవలెను. కొత్తరేకుతో గాలిపరిమాణము మారును గనుక కార్బురేటరును మరల సరిచూడవలెను. పెట్రోలు తక్కువైన మిశ్రమముచే ఇంజను మితిమీరి కాగి పిస్టను పట్టివేయును. ప్లగ్గుకొన గోధుమవన్నెగా నున్న మిశ్రమము సుమారుగ సరియైనది, తెల్లబడిన ప్రమాదసూచన.

8. చేయరాని పనులు

మన చాళ్లలో ఒకే గది వంటయిల్లును, పడకటిల్లును అగును. అట్టిచోట కార్బురేటరు విప్పరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరమందలి పొయ్యిని చేరి అంటుకొనును. మూసినచోట ఇంజను నడుపరాదు. దాని పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తెలియకుండ ప్రాణము తీయును.

చట్టమును తెలియవలెను. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీవారి మూలవివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుట నిషిద్ధము. అరిగిన రేకును తగిన రేకుతో మార్చుట మరమ్మతు. వీధిబండిని పందెపుబండిగ మార్చుట వేరు. టూస్ట్రోకు ఇంజను నూనె కలిసిన పెట్రోలును మండించును. మండని మిశ్రమము కొంత పొగతో బయటికే పోవును. ఇట్టి బండ్లు 2000 తరువాతి పొగనిబంధనలకు నిలువలేక క్రమముగ అంగళ్లనుండి మరుగైనవి. సైలెన్సరు తీసి ఇరుకువీధిలో శబ్దము చేయుట శాస్త్రము కాదు. ఆ పొగ పీల్చునది మేడక్రింద కూర్చున్న మన అవ్వయే.

9. తలిదండ్రులకు ఒక మాట

మీ కుమారుడు బడి విడిచిన పిదప మోటారు దుకాణమువద్ద నిలుచున్నాడని కోపింపకుడు. కాని బడి మాని అచట పనికి కుదురుటకు ఒప్పుకొనకుడు. పదునాలుగేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకొనుట 2016 నాటి సవరణచట్టము నిషేధించినది. పదవతరగతి ముగించినవానికి పారిశ్రామిక శిక్షణ సంస్థలలో రెండేండ్ల మోటారు మెకానికు శిక్షణ కలదు. చేయితో నేర్చినవాడు ఒక బండిని బాగుచేయును. కారణము నెరిగినవాడు మునుపు చూడని బండిని సైతము బాగుచేయును. పాత టూస్ట్రోకు పోయి నాలుగు స్ట్రోకుల బండ్లు వచ్చినవి. విద్యుత్తు బండ్లు వచ్చుచున్నవి. రీడ్ మార్చుట మాత్రమే తెలిసినవాని పని రీడ్‌తోనే పోవును. పీడనము, కంపనము, తిప్పుడుబలము తెలిసినవాని పని పోదు.

తెలుగున చదివిన బిడ్డకు యంత్రవిద్య అబ్బదని కొందరి భ్రమ. దుకాణమున మాటలు హిందీలోనో మరాఠీలోనో నడుచును, వాడనిండు, నేర్వనిండు. కాని ఎందుకు అను ప్రశ్న మనస్సులో మొదట పుట్టునది తల్లిభాషలోనే. ఆ ప్రశ్నకు జవాబు గూడ ఆ భాషలో దొరకినచో అది మరపునకు రాదు. ఈ పాఠము రాత్రి ఇంట పైకి చదివించి వినుడు. కొలిమితిత్తి సంగతి మీకే బాగుగ తెలియును గనుక, ఆ భాగమును మీరే వారికి విడమరచి చెప్పవచ్చును.

అభ్యాసము

1. పిస్టన్‌పోర్టు ఇంజను నిదానమున గాలిని వెనుకకు తుమ్ముటకు కారణమేమి?

2. 0.50 మిల్లీమీటరుల రేకునకు బదులు 0.40 మిల్లీమీటరుల రేకు పెట్టిన బిగువు ఎన్ని రెట్లగును? 0.50కి బదులు 0.45 అయిన?

3. నిమిషమునకు 4500 చుట్లు తిరుగు ఇంజనులో రీడ్ సెకండునకు ఎన్ని మారులు తెరచుకొనును?

4. హార్మోనియపు నాలుకకును ఇంజను రీడ్‌కును గల పోలికయేమి, భేదమేమి?

5. మీ ఇంటను, వాడలోను ఒకవైపునకే దారి యిచ్చు కవాటములు ఎన్ని కలవో వెదకి, చిత్రములు గీసి మీ ఉపాధ్యాయులకు చూపుడు.